నెలన్నరైనా మానని పడక పుండు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. న్యుమోనియాతో 22 రోజులు ఐసీయూలో ఉన్నారు, అందులో 14 రోజులు వెంటిలేటర్ మీదే. ముడ్డిపూస మీద అరచేయంత పుండు పడింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తున్నాం. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, గాజుగుడ్డ గట్టిగా కుక్కి కడుతున్నాం. నెలన్నరైనా మానలేదు. ఏ ఆయింట్‌మెంటు మంచిది?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఆయింట్‌మెంటు మాట తర్వాత. ముందు ఆ రెండు పనులూ ఇవాళే ఆపండి. పెరాక్సైడ్ బుసబుస పొంగితే శుభ్రమవుతున్నట్టే ఉంటుంది గానీ, క్రిములతో పాటు కొత్త కండ కణాలనూ చంపుతుంది. ఇక గట్టిగా కుక్కిన గాజుగుడ్డ లోపలి నుంచి ఒత్తుతుంది, ఆరితే అతుక్కుంటుంది. మీరు లాగి తీశాక దానికి అంటుకుని ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయా? నిన్న పుట్టిన కండ అదే.

కడగడానికి నార్మల్ సెలైన్ చాలు. 18 నంబరు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం), అంటే ఆకుపచ్చది, తీసుకుని లోపలి సూది పారేయండి. మిగిలిన ప్లాస్టిక్ గొట్టాన్ని 20 మి.లీ. సిరంజికి తగిలించి, కారే నీళ్లు తేటగా వచ్చేదాకా చిమ్మండి. మూత తీసిన సెలైన్ సీసా 24 గంటలు దాటితే వాడొద్దు. పుండు తడి బాగా ఊరుతుంటే ఆల్జినేట్ తాడును (సముద్రపు నాచుతో చేసే, తడి పీల్చే డ్రెస్సింగ్) వదులుగా పరిచి, పైన ఫోమ్ (స్పాంజిలాంటి) డ్రెస్సింగ్ అంటించండి. రెండు మూడు రోజులకోసారి మారిస్తే సరిపోతుంది, మోషన్ అంటితే మాత్రం వెంటనే మార్చాలి. ఇవి సూర్యారావుపేట సర్జికల్ షాపుల్లో అడగండి. ఖర్చు భారమైతే సెలైన్‌లో తడిపి బాగా పిండిన గాజుగుడ్డ వదులుగా పెట్టి, ఆరిపోకముందే మార్చండి. అడుగున పసుపు పొర గానీ నల్లని కుళ్లు గానీ ఉంటే ఏ డ్రెస్సింగూ పనిచేయదు, సర్జన్ దాన్ని కోసి తీయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సర్జన్‌కు ముందే చెప్పండి. వ్యాక్యూమ్ మెషిన్ (పుండును మూసి, ఊరే తడిని పీల్చేది) పెట్టించాలన్నా ముందు కుళ్లు పోవాలి, ఎముకకు ఇన్‌ఫెక్షన్ ఉంటే దానికి చికిత్స మొదలవ్వాలి.

ఇంత చేసినా ఆయన వెల్లకిలా పడుకుంటే ఒళ్లు బరువంతా ఆ పుండు మీదే. ఐసీయూలో బీపీ నిలబెట్టే మందులు చర్మానికి రక్తం తగ్గిస్తాయి, పుండు పడటానికి అదీ ఒక కారణం. ఇంట్లో ఆ మందులు లేవు, ఒత్తిడి ఒక్కటీ ఉంది. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద కొత్త పుండు లేస్తుంది కాబట్టి 30 డిగ్రీలు చాలు: భుజం నుంచి పిరుదు దాకా వెనక దిండు పెట్టి, ముడ్డిపూస కింద మీ చేయి దూర్చి చూడండి. సులువుగా దూరితే సరిగ్గా పడుకోబెట్టినట్టు. పైకి జరపాలంటే ఈడ్చకండి, కింద పరిచిన దుప్పటి పట్టుకుని ఇద్దరూ ఎత్తండి. గొట్టంలో పోసేటప్పుడు, తర్వాత గంటసేపు తల ఎత్తుగా ఉండాల్సిందే. తల ఎత్తే ముందే మోకాళ్ల కింద దిండు పెడితే మనిషి కిందికి జారరు.

ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చడం తప్పదు. ముడ్డిపూస ఉండేచోట పరుపు కింద అరచేయి పెట్టి చూడండి. మధ్యలో అంగుళం మందం గాలి లేకపోతే పరుపు అడుగంటినట్టే. కరెంటు పోయినప్పుడు ఇది మరీ ముఖ్యం. విజయవాడ ఎండల్లో రెక్సిన్ షీటు పరిస్తే చెమటకు చర్మం నానిపోతుంది, కాటన్ దుప్పటి వేయండి. పౌడరు వద్దు, జింక్ ఆక్సైడ్ క్రీము పుండు చుట్టూ పల్చగా రాయండి.

గొట్టంలో గంజి, కొబ్బరినీళ్లు, బత్తాయిరసమే పోస్తుంటే కండ దేనితో పుడుతుంది? 60 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, పావు లీటరు పాలకు 8. నాలుగు గుడ్లు, అర లీటరు పాలు కలిపినా 40 గ్రాములే. మిగతాది ప్రొటీన్ పొడితో, డైటీషియన్‌ను అడిగి నింపాలి. పప్పు పెడితే చీము పడుతుందన్న పెద్దవాళ్ల మాట వినకండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరు చెప్పిన కొలతే.

వారానికోసారి పొడవు, వెడల్పు, లోతు స్కేలుతో కొలిచి రాసుకోండి. ఇవన్నీ చేసినా రెండు వారాల్లో తగ్గుదల లేకపోయినా, అడుగున ఎముక తగిలినా ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి.

ప్రశ్న: అమ్మ పడక పుండు నుంచి తీసిన కల్చర్‌లో (క్రిముల పరీక్షలో) సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. జ్వరం లేదు. యాంటీబయాటిక్ వేయాలా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రిపోర్టు చూసి వేయొద్దు, మనిషిని చూసి వేయాలి. పాత పుండులో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం, కొత్త నొప్పి, మగత వచ్చినా అప్పుడు మందు అవసరం. పైన కారే చీము తీసి పంపితే పైపై క్రిములే దొరుకుతాయి. సెలైన్‌తో కడిగాక, శుభ్రమైన కండ మీద ఒక చదరపు సెంటీమీటరు మేర స్వాబ్‌ను (దూది పుల్లను) నొక్కి తిప్పి తీయించండి.

ప్రశ్న: మడమ మీద నల్లటి పెచ్చు కట్టింది. తీసేయాలా?
— ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

జవాబు: గట్టిగా, పొడిగా, చుట్టూ ఎరుపు లేకుండా ఉంటే ముట్టుకోవద్దు, తడపొద్దు. మడమ గాలిలో తేలేలా పిక్క కింద దిండు నిలువుగా పెట్టండి. గుండ్రటి రింగు దిండ్లు, నీళ్లు నింపిన గ్లవ్స్ పెట్టకండి, వాటి అంచు కొత్తచోట నొక్కుతుంది. పెచ్చు మెత్తబడినా, అంచు నుంచి చీము కారినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి. పాదంలో నాడి అందకపోతే రక్తనాళాల పరీక్ష అయ్యాకే కోత సంగతి.