కథలు చదివితే పిల్లల్లో కుతూహలం, సానుభూతి, ధైర్యం నిజంగా పెరుగుతాయా?

పెరుగుతాయి, కానీ నీతి బోధించే కథలతో కాదు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో తన బాల్యం గురించి రాసిన ‘తొత్తో-చాన్’ చూడండి. తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. అల్లరి భరించలేక ఒక బడి పంపించేసిన పాప తొత్తో-చాన్, టోక్యోలో పాత రైలుపెట్టెలే తరగతి గదులైన తొమోఎ బడిలో చేరుతుంది. రైలుపెట్టెలో పాఠాలేమిటి? ఆ ప్రశ్నే పిల్లల చేత పేజీ తిప్పిస్తుంది.

పోలియో సోకిన స్నేహితుణ్ణి తొత్తో-చాన్ తన చెట్టు ఎక్కించే ఘట్టం నా దృష్టిలో పుస్తకానికే ప్రాణం. మొదట తెచ్చిన నిచ్చెన ఊగుతుంది. దానంతట అది నిలబడే మరో నిచ్చెనను ఈడ్చుకొస్తుంది. చెమటలు కక్కుతూ, లాగుతూ, నెడుతూ చివరికి ఇద్దరూ కొమ్మల మధ్యకు చేరతారు. ఆ అబ్బాయిని చూసి జాలిపడమని రచయిత్రి ఎక్కడా అడగదు. ఒక్కో మెట్టు అతనికి ఎంత కష్టమో చదివే పిల్లలకు ఒంటికి తెలుస్తుంది, అంతే.

ధైర్యం మాటకొస్తే, మరుగుదొడ్డి గుంటలో పడిన పర్సు కోసం పాప మురికంతా తోడి పోస్తుంటే ప్రధానోపాధ్యాయుడు కొబయాషి తిట్టడు. అయ్యాక మళ్లీ లోపల పోసేస్తావు కదా అని మాత్రం అడుగుతాడు. పెద్దలు ముఖం చిట్లించే పేజీ ఇది. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు దాన్ని మాత్రం దాటవేయకండి.