జపనీస్ తరగతికి ఆన్‌లైన్ అభ్యాసాలను ఎలా జోడించాలి?

జెఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు అయిన ఎన్5 స్థాయిలో ఇరవై మందికి జపనీస్ చెబుతున్నానని, వారానికి మూడే తరగతులు కావడంతో నేర్చుకున్నది మధ్యలోనే మరిచిపోతున్నారని, ఆన్‌లైన్‌లో ఏమి చేయిస్తే ఉపయోగం ఉంటుందో చెప్పమని మీరు అడిగారు. నేను హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థలో ఆరేళ్ళుగా సాయంత్రం బ్యాచ్‌లకు ఎన్5, దాని పై మెట్టు ఎన్4 పాఠాలు చెబుతున్నాను. చేయించి చూసిన వాటి గురించే రాస్తాను.

మొదటి రెండేళ్ళూ ప్రతి పాఠం చివర కహూట్ అనే ఆన్‌లైన్ ఆటలో క్విజ్ పెట్టేదాన్ని. పిల్లలు ఉత్సాహంగా ఆడేవారు, మార్కులూ బాగానే వచ్చేవి. ఒకనాడు జపాన్ నుంచి వచ్చిన అతిథి ఒకరు మా తరగతిలో కూర్చుని, మీది ఏ ఊరు అని మామూలుగా అడిగారు. అదే ప్రశ్నకు క్విజ్‌లో అందరికన్నా ముందు జవాబు నొక్కే అమ్మాయికి ఆ క్షణాన మాట పెగలలేదు. నాలుగింటిలో సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదుట ఏ ఆధారమూ లేకుండా వాక్యం కట్టి పలకడం వేరు అన్న సంగతి నాకు ఆ రోజు బాగా తెలిసివచ్చింది. జెఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష గానీ వ్యాసం రాసే పరీక్ష గానీ లేవు, అన్నీ జవాబును ఎంచుకునే ప్రశ్నలే కాబట్టి బోధించే మనం కూడా తెలియకుండానే ఆ దారిలో పడిపోతాం. అప్పటి నుంచి, ఫోనులో ఏ పని ఇచ్చినా దాని చివర విద్యార్థి గొంతో చేతిరాతో నాకు అందాలని, తర్వాతి తరగతి అక్కడి నుంచే మొదలవ్వాలని నియమం పెట్టుకున్నాను.

వీటిలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఉచ్చారణ పని. మన విద్యార్థులు జపనీస్ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో చదివి, ఇంగ్లీషు మాటలను పలికే అలవాటుతో ట, డ లు పెట్టేస్తారు. అరిగతో అన్నది అరిగాటో అవుతుంది, దెస్ అన్నది డెసు అవుతుంది. అందుకే మొదటి రెండు వారాలు, అంటే జపనీస్‌లో మొదట నేర్పే లిపి హిరగానలోని నలభై ఆరు అక్షరాలు చేతికి వచ్చేదాకా, తెలుగు లిపిలో రాసి చూపిస్తాను. ఒబసన్ అంటే అత్త లేదా పిన్ని, ఒబాసన్ అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ మన చెవికి పుట్టుకతోనే తెలుసు, ఇంగ్లీషు లిపి వాటిని మరుగున పడేస్తుందంతే. చుక్క, చాలు అనేటప్పుడు మనం పలికే దంత్య ౘకారమే జపనీస్‌లోనూ ఉంది. మనం పత్రికల్లో సునామీ అని రాసే మాట అసలు ౘునమి. ఈ మాట చెప్పిన రోజు తరగతిలో అందరి ముఖాల్లోనూ కనిపించే సంతోషాన్ని మీరూ చూస్తారు.

అయితే స్వరం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో మన లిపి చూపించలేదు. దానికి టోక్యో విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఓజాడ్ అనే ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. వాక్యం ఇస్తే దాని మీద స్వరరేఖ గీసి, చదివి వినిపిస్తుంది. రోజుకు రెండు వాక్యాలు విని, వెంటనే అనుసరించి పలికి, అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపమంటాను.

పదాలకూ వాక్యాలకూ, కార్డులను మళ్ళీ మళ్ళీ చూపించి గుర్తుచేసే అంకి అనే యాప్ వాడతాము. ఆ పేరుకే జపనీస్‌లో కంఠస్థం చేయడమని అర్థం. ఆన్‌లైన్‌లో దొరికే కార్డుల్లో అర్థాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక అవి వద్దు, ముందు వైపు తెలుగు వాక్యం పెట్టి మీరే తయారు చేయండి. తిని చూడండి అన్నదాన్ని తబెతె మితె కుదసై అనీ, వెళ్తాను అని చెప్పాడు అన్నదాన్ని ఇకు తో ఈమషిత అనీ, మాట వెనక మాట అదే వరుసలో మార్చుకోవచ్చు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవారు రెండుసార్లు తలకిందులు చేసుకోవాలి. ఒక్క చోట మాత్రం తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జపనీస్‌లో ని అనే ప్రత్యయం ఉంది కాబట్టి పుస్తకాన్ని చదువుతాను అనడానికి చాలామంది హొన్ ని యొమిమసు అంటారు, అది హొన్ ఒ యొమిమసు అని ఉండాలి. ఈ పొరపాటు కోసమే నేను ఇరవై కార్డులు ప్రత్యేకంగా రాసుకున్నాను.

దారి చెప్పే పాఠానికి, వీధులను ఫోటోల్లో చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూను మించినది నాకు దొరకలేదు. టోక్యోలోని అసకుసలో కమినరిమొన్ ద్వారం దగ్గర నిలబెట్టి, నకమిసె అంగళ్ళ వీధి గుండా సెన్సోజి ఆలయానికి ఎలా వెళ్ళాలో చెప్పమంటాను. అది తిన్నని దారి, మొదటి రోజుకు మస్సుగు ఇత్తె కుదసై (తిన్నగా వెళ్ళండి) అంటే సరిపోతుంది. మర్నాడు పక్క సందులోంచి బయలుదేరమంటే కుడి ఎడమలు వాటంతట అవే వస్తాయి. దారిలో కనిపించిన కతకాన (విదేశీ మాటలు రాసే జపనీస్ లిపి) బోర్డులు ఐదింటిని కాగితం మీద చేత్తో రాసి ఫోటో పంపాలి, ఎందుకంటే కతకానను అందరూ నిర్లక్ష్యం చేస్తారు.

అంకెలకు జపాన్ సూపర్ మార్కెట్లు ఆన్‌లైన్‌లో పెట్టే ధరల కరపత్రాలు తీసుకుని, వెయ్యి యెన్‌లకు సరుకులు కొని లెక్క చదివి వినిపించమంటాను. 300 సంబ్యకు, 600 రొప్ప్యకు, 800 హప్ప్యకు అని మారే చోట్లు అలా కుదురుకుంటాయి. పెద్ద అంకెల్లో మన లక్ష చక్కగా పనికివస్తుంది. మన్ అంటే పదివేలు కాబట్టి లక్ష జూమన్ (పది మన్‌లు), రెండు లక్షలు నిజూమన్, పది కోట్లు ఒక ఒకు. వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్ళదలచిన విద్యార్థులకు జీతం, ఇంటి అద్దె మాట్లాడుకోవడానికి ఇది మొదటి నెలలోనే అవసరమవుతుంది. వాళ్ళకు జపాన్ ఫౌండేషన్ ఉచితంగా ఇస్తున్న ఇరొదొరి పాఠాలు, వాటి ఆడియోలు కూడా ఇవ్వండి.

జపాన్ వారితో మాట్లాడించాలనుకుంటే వారి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుందని మరవకండి. మనకు రాత్రి ఎనిమిది అయ్యేసరికి వారికి పదకొండున్నర. ఆదివారం ఉదయం తొమ్మిదికి పెట్టుకుంటే వారికి మధ్యాహ్నం పన్నెండున్నర అవుతుంది, అదే అనువైన వేళ. ఎన్5 వారికి పదిహేను నిమిషాలు చాలు, మూడు ప్రశ్నలు ముందుగా రాసుకుని వెళ్ళాలి.

ఇక దిద్దడం. వాయిస్ మెసేజ్‌లోని తప్పులన్నీ ఒకేసారి చెబితే మర్నాటి నుంచి పంపడం మానేస్తారు. ఒక్కొక్కరికి ఒక్క తప్పే, అదీ విడిగా, సరైన ఉచ్చారణ నా గొంతుతో పంపి చెబుతాను. ఇరవై మందివీ విని జవాబు ఇవ్వడానికి దాదాపు ముప్పావు గంట పడుతుంది. ఆ సమయం నాకు దొరకని రోజున ఆ పని ఇవ్వను.