ముఖం కడిగాక చర్మం ఎందుకు బిగుసుకుపోతుంది?

చర్మం పైపొరలోని మృతకణాల మధ్య సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే ఒక రకం కొవ్వులు), కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు నిండి ఉండి, లోపలి తేమ ఆవిరైపోకుండా, బయటి సూక్ష్మజీవులు, రసాయనాలు లోపలికి చొరబడకుండా అడ్డుకుంటాయి. ఈ పొర సహజంగా కొద్దిగా ఆమ్లగుణం కలిగి, సుమారు 5 పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దగ్గర ఉంటుంది; మామూలు సబ్బుల పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉండటం వల్ల ఆ కొవ్వులు కొట్టుకుపోవడమే కాక, వాటిని తిరిగి తయారుచేసే ఎంజైముల పని కూడా మందగిస్తుంది. చాలామంది శుభ్రతగా భావించే ఆ బిగుతు నిజానికి తేమ కోల్పోయిన లక్షణం.

గోరువెచ్చని నీళ్లు, సబ్బు లేని సున్నితమైన క్లెన్సర్ వాడి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోవాలి. ఖరీదైనదే కానక్కర్లేదు, పెట్రోలియం జెల్లీ కూడా తేమను బాగా నిలుపుతుంది. మంట ఉన్నంతకాలం స్క్రబ్బులు, రెటినాల్ (విటమిన్ ఎ రకానికి చెందిన పదార్థం) ఉన్న క్రీములు ఆపేయాలి. వారాలు గడిచినా దురద, పగుళ్లు తగ్గకపోతే చర్మవైద్యులను సంప్రదించాలి.