తెలుగు మీడియం అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీష్ చేయగలదా? గాజువాక తల్లికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయికి ఇది డిగ్రీ చివరి సంవత్సరం. ఇంగ్లీష్ మేజర్. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియమే. ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లీష్ చేస్తానని పట్టుబడుతోంది. మావారు స్టీల్ ప్లాంటులో పని చేస్తున్నారు, ఇంకొన్నేళ్లలో రిటైర్ అవుతారు. మా తోటికోడలి కూతురు అమెరికాలో డేటా సైన్స్ చదువుతోంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, యూకేలో అయితే ఎం.ఏ. ఏడాదిలో అయిపోతుంది, అక్కడే ఉద్యోగం కూడా వస్తుంది అంటున్నారు. హైదరాబాద్ హాస్టల్లో ఉంచడం మాకు ఇష్టం లేదు. ఆంధ్రా యూనివర్సిటీ, యూకే, దూరవిద్య, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. అసలు తెలుగు మీడియం పిల్ల ఈ చదువు పూర్తి చేయగలదా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మిగతా ప్రశ్నలన్నీ ఆ భయంలోంచి వచ్చినవే. మీ అమ్మాయి చేయగలదు. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న నా దగ్గరికి ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి తెలుగులో చదువుకుని వచ్చి ఎం.ఏ. ఇంగ్లీష్ పూర్తి చేసి, ఇవాళ జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెబుతున్న పిల్లలు నాకు తెలుసు.

మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది, అది దాచను. క్లాసులో కాన్వెంట్ పిల్లలు గడగడా మాట్లాడుతుంటే మనవాళ్లు వెనక బెంచీలో ముడుచుకు కూర్చుంటారు. కానీ గడగడా మాట్లాడటం వేరు, సాహిత్యం చదవడం వేరు. చాసర్ పద్నాలుగో శతాబ్దపు కవి. ఆయన రాసిన ఇంగ్లీష్‌కీ ఇప్పటి ఇంగ్లీష్‌కీ చాలా దూరం. ఆ పద్యం ముందు కాన్వెంట్ పిల్లకైనా, పెందుర్తి హైస్కూలు పిల్లకైనా కింద ఇచ్చిన అర్థాలే దిక్కు. సాహిత్య సిద్ధాంతాలు చెప్పే పేపర్ కూడా అంతే, అందరికీ కొత్తే. ఫొనెటిక్స్‌లో, అంటే ధ్వనుల పాఠంలో, తెలుగువాళ్లం ఇంగ్లీష్‌లోని v, w అనే రెండు వేర్వేరు ధ్వనులను ఒకే 'వ'గా పలుకుతామని మాస్టారు చూపిస్తే, ఇంగ్లీష్ మీడియం పిల్లలు కూడా తమ నోరు తామే గమనించుకోవడం మొదలుపెడతారు.

పిల్లలు ఎక్కడ దెబ్బ తింటారో చెబుతాను. ఆ మధ్య ఒకమ్మాయి తన పద్యం జిరాక్స్ కాగితం నా ముందు పెట్టింది. ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకుంది. అసలు పద్యం కనపడనంతగా కాగితం నిండిపోయింది. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగితే చెప్పలేకపోయింది. మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దని చెప్పాను. పైకి చదువు, మాట్లాడేది ఎవరు, కోపంలో ఉన్నారా బాధలో ఉన్నారా అని మాత్రం చూడు, ఆ తర్వాత నీకు అర్థమైనది నీ ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాలు రాయి, తప్పులు వచ్చినా ఫరవాలేదు, రోజూ రాయి అన్నాను. రెండో సెమిస్టర్ వచ్చేసరికి ఆ అమ్మాయి గైడు పక్కన పెట్టి సొంతంగా జవాబులు రాసింది. ఇక ఆ గైడ్లతో పాటు ఇప్పుడు అడగ్గానే వ్యాసం మొత్తం రాసిచ్చే యాప్‌లు ఫోన్లోనే ఉన్నాయి. ఆ అలవాటు పడిన పిల్లలు రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో, నీకు నచ్చిన కవి ఎవరు, ఎందుకు అంటే నోరు తెరవలేకపోతున్నారు. మీ అమ్మాయిని కాపాడుకోవాల్సింది దీని నుంచి.

ఇక ఈ డిగ్రీతో పిల్ల ఇంట్లో కూర్చుంటుందేమో అన్నది మీరు రాయకపోయినా ప్రతి లైనులో కనిపిస్తోంది. పాస్ అయితే చాలనుకుని చదివిన ఎం.ఏ.తో అలా కూర్చున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఒక అంకె గోడ మీద రాసి పెట్టుకోండి: 55 శాతం. జనరల్ కేటగిరీ వాళ్లు డిగ్రీ కాలేజీ లెక్చరర్ అర్హత కోసం జాతీయ స్థాయిలో పెట్టే నెట్ రాయాలన్నా, అదే అర్హతకు రాష్ట్ర స్థాయిలో మన ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించే ఏపీ సెట్ రాయాలన్నా పీజీలో అన్ని మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని బీసీలు, దివ్యాంగులకు 50 చాలు. 53, 54 దగ్గర ఆగిపోయి ఇంప్రూవ్‌మెంట్ రాసుకుంటూ ఏడ్చిన పిల్లలను చూశాను. మొదటి సెమిస్టర్‌లో తక్కువ వస్తే తర్వాత లాక్కురావడం చాలా కష్టం.

ఆ మార్కులు ఉంటే దారులు ఇవీ. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఎం.ఏ.లో 50 శాతం ఉంటే చాలు, బి.ఎడ్. అడగరు. కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ (ప్లస్ టూ తరగతుల టీచర్) కావాలంటే ఎం.ఏ.తో పాటు బి.ఎడ్. ఉండాలి. డిగ్రీ కాలేజీకి నెట్ లేదా సెట్ కావాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు, ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఇంజినీరింగ్ కాలేజీల్లో, కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీష్ చెప్పేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. కానీ మొదట్లో అక్కడ జీతాలు తక్కువ, పని ఎక్కువ. అందుకే ఎం.ఏ. కాగానే బి.ఎడ్. కూడా చేయించమని మీలాంటి ఇళ్లకు చెబుతుంటాను. ఇంగ్లీష్ మేజర్ కాబట్టి బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ఇంగ్లీష్ మెథడాలజీ తీసుకోవడానికి మీ అమ్మాయికి ఇబ్బంది ఉండదు. రెండూ ఒకేసారి చేయించాలని మాత్రం చూడకండి. ఒకే సమయంలో రెండు కోర్సులు చదవొచ్చని 2022లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ దారి తెరిచినా, అలా చేస్తే రెండూ సగం సగమే అవుతాయి.

ఇప్పుడు యూకే సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఏడాదిలో అయిపోతుంది అన్నమాట నిజమే. సెప్టెంబరులో మొదలై మరుసటి వేసవికి సిద్ధాంత వ్యాసం ఇచ్చేయాలి. అందులో అసలు క్లాసులు జరిగేది సుమారు రెండు టర్ములే. వెళ్లిన కొన్ని నెలలకే వేల మాటల వ్యాసాలు, సొంత వాదనతో, ఎక్కడి నుంచి ఏది తీసుకున్నారో చూపిస్తూ రాయాలి. పైన చెప్పిన మొదటి సెమిస్టర్ తడబాటు ఇక్కడైతే సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. అక్కడ ఆ తడబాటు తీరేసరికే చదువు అయిపోతుంది. మీ అమ్మాయికి అన్నిటికంటే ఎక్కువ కావలసింది సమయం, మీరు డబ్బు పెట్టి తగ్గించాలనుకుంటున్నదీ అదే.

డబ్బు విషయానికి వస్తే, ఫీజు కాకుండా బతుకు ఖర్చు కింద నెలకు వెయ్యి పౌండ్లకు పైగా లెక్కన తొమ్మిది నెలలకు సరిపడా మొత్తం వీసా కోసం చూపించాలి. అప్పు పెద్దదైతే బ్యాంకు తనఖా అడుగుతుంది. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చదువయ్యాక ఉండటానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి వెళ్లే మీ అమ్మాయికి వర్తించేది ఆ 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా మీద నిలబడాలంటే ఏడాదికి మామూలుగా 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు కొంత సడలింపు ఉంది. ఇంగ్లీష్ సాహిత్యం చదివిన మన అమ్మాయికి, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ల ఊళ్లో, ఆ జీతం ఎవరిస్తారో ఆ కన్సల్టెన్సీ వాళ్లను అడిగారా? అక్కడి ప్రభుత్వ స్కూళ్లలో టీచర్ కావాలన్నా ఎం.ఏ. ఒక్కటే చాలదు, టీచర్ ట్రైనింగ్ విడిగా చేయాలి. పిల్లలను చేర్పించినందుకు చాలా కన్సల్టెన్సీలకు అక్కడి యూనివర్సిటీలు కమిషన్ ఇస్తాయి. మీ దగ్గర ఫీజు తీసుకోవడం లేదంటే కారణం అది. ఈసారి వెళ్తే ఒకటే అడగండి: మీ ద్వారా వెళ్లి ఎం.ఏ. ఇంగ్లీష్ చేసి, ఇప్పుడు అక్కడ చదువుకు తగ్గ ఉద్యోగం చేస్తున్న ఒక్కరితో ఫోన్లో మాట్లాడించండి అని.

ఇంగ్లీష్ చదువు కాబట్టి ఇంగ్లండ్‌లో అయితేనే బాగుంటుంది అన్న ఆలోచన కూడా మీ ఇంట్లో ఉన్నట్టుంది. మీరున్న ఊరి చరిత్ర ఒకసారి చూడండి. 1947లో కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారు ఆంధ్రా యూనివర్సిటీకి ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా వచ్చారు. భారతీయులు ఇంగ్లీష్‌లో రాసిన సాహిత్యాన్ని ఒక చదువుగా నిలబెట్టినవాళ్లలో ఆయనది ముందు వరస. ఆ తర్వాత ఇక్కడే వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. గాజువాక నుంచి బస్సెక్కితే చేరుకునే డిపార్ట్‌మెంట్ అది.

యూకేకి ఎప్పటికీ వద్దని నేను అనడం లేదు. యూకే ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్‌కి ఖర్చంతా భరిస్తుంది. దానికి కనీసం రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. పోటీ చాలా గట్టిది. ఇక్కడ ఎం.ఏ. చేసి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, అప్పుడు తనే ప్రయత్నించనివ్వండి. మీవారి పీఎఫ్, గ్రాట్యుటీ జోలికి పోకుండా వెళ్లే దారి అది.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట ఇంకొకటి ఉంది. హైదరాబాద్ హాస్టల్లో ఉంచడం ఇష్టం లేదన్నారు. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున దిగే ఊరికి పంపరు, తెలిసినవాళ్లు ఎవరూ లేని దేశానికి అప్పు చేసి పంపుతారా? పిల్ల భద్రతే మీ భయం అయితే ఈ రెండూ పొసగవు. బంధువుల్లో చెప్పుకోవడానికి విదేశం కావాలనిపిస్తోందేమో, మీ మనసును మీరే అడగండి. తోటికోడలి కూతురి చదువు ఆ అమ్మాయిది. దానికి పోటీగా మీ పిల్ల చదువును నిలబెట్టకండి. అంత పెద్ద ఉత్తరం రాశారు, మీ అమ్మాయి ఇంగ్లీష్ ఎందుకు చదవాలనుకుంటోందో అందులో ఒక్క ముక్క లేదు. ఆమెను కూర్చోబెట్టి అడిగారా? అడగకపోతే ఈ రాత్రే అడగండి. మధ్యలో ఆపకుండా వినండి.

హైదరాబాద్ గురించి ఎందుకింత చెబుతున్నానంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) రెండూ అక్కడే ఉన్నాయి. ఇఫ్లూ 1958లో ఇంగ్లీష్ బోధన కోసమే పుట్టిన సంస్థ. సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ.కు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి దరఖాస్తులు డిసెంబరు, జనవరిల్లోనే మొదలవుతాయి. మన పిల్లలు చాలామంది డిగ్రీ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుని, గడువు దాటాక నా దగ్గరికి వస్తారు. ఆంధ్రా యూనివర్సిటీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ ఆ తర్వాత వస్తుంది. రెండూ రాయించండి.

దూరవిద్య గురించి పోల్చమన్నారు. దూరవిద్య చెప్పే కేంద్ర యూనివర్సిటీ ఇగ్నోకి విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది, ఎం.ఏ. ఇంగ్లీష్ రెండేళ్ల నుంచి నాలుగేళ్లలోపు పూర్తి చేయొచ్చు. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమని యూజీసీ చెప్పింది కాబట్టి విలువ గురించి బెంగ అక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు నేను ధైర్యంగా చెబుతాను. కానీ మీ అమ్మాయికి పక్కన కూర్చుని వాదించే స్నేహితులు, తప్పు దిద్దే మాస్టారు, లైబ్రరీ కావాలి. ఇంటిపనుల మధ్య ఒంటరిగా ఈ చదువు చదవమంటే ఏ పిల్లైనా మధ్యలో వదిలేస్తుంది. ఏ దారీ లేకపోతేనే అది.

కాబట్టి ముందు ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ సీటు, సెంట్రల్ యూనివర్సిటీలో వస్తే సంతోషంగా అదీ.

దరఖాస్తు దగ్గర రెండు జాగ్రత్తలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉండి, ఆధార్‌లో చివర ఉండటం, లేదా ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున అది పెద్ద తలనొప్పి అవుతుంది. ఇప్పుడే మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్లి మెమోలో ఉన్నట్టే సరిచేయించుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు కూడా ఒక ఫైల్లో పెట్టుకోండి. రెండోది వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలను వరసగా ఆన్‌లైన్‌లో ఇవ్వడం. పీజీసెట్ ర్యాంకు వచ్చాక చాలామంది ఒకటి రెండు కాలేజీలు పెట్టి ఊరుకుంటారు, సీటు రాలేదని ఏడుస్తారు. క్యాంపస్ రెగ్యులర్ సీటు మొదట, ఆ తర్వాత సెల్ఫ్ ఫైనాన్స్ (ఎక్కువ ఫీజు కట్టే) సీటు, ఆ తర్వాత రోజూ వెళ్లి రాగలిగిన కాలేజీలు, ఇలా వరసగా నింపాలి. ఆ వరస మీరూ మీవారూ కాకుండా మీ అమ్మాయే వేయాలి. మీరు పక్కన కూర్చుని ఫీజు లెక్క చూడండి, చాలు.