ప్రేరిత భూకంపాల మీద పని మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పెద్ద భూకంపం వచ్చాక ఎక్కడో దూరాన పుట్టే చిన్న భూకంపాల మీద పరిశోధన చేయబోతున్నానని రాశావు. చాలా సంతోషమమ్మా. ఈ పనిలో చాలామంది చూపంతా పెద్ద భూకంపం మీదే ఉంటుంది: మాగ్నిట్యూడ్ ఎంత, ఫాల్ట్ (రాళ్లు ఒకదాని వెంట ఒకటి జారే పగులు) ఎంత జారింది, చీలిక ఏ దిక్కుకు పాకింది అని. అవీ కావాలి. కానీ ఆ కుదుపు అన్ని వైపులకూ వెళ్తుంది, స్పందించేవి కొన్ని చోట్లే. ఆ చోట్ల కింద భూపటలం, అంటే భూమి పై రాతి పొర, ఎలా ఉందో ముందు తెలుసుకో.

1992 జూన్ 28న కాలిఫోర్నియాలో ల్యాండర్స్ భూకంపం వచ్చింది, మాగ్నిట్యూడ్ 7.3. ఆ వెంటనే లాంగ్ వ్యాలీలో, గీజర్స్ దగ్గర, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యెల్లోస్టోన్‌లో కూడా చిన్న భూకంపాలు పెరిగాయి. 2002 నవంబరు 3న అలాస్కాలో 7.9 మాగ్నిట్యూడ్‌తో డెనాలి భూకంపం వస్తే, మూడు వేల కిలోమీటర్ల అవతల యెల్లోస్టోన్ మళ్లీ కదిలింది. పండిన కాయే గాలికి రాలుతుంది. లాంగ్ వ్యాలీ, గీజర్స్, యెల్లోస్టోన్ మూడూ అగ్నిపర్వతాల వేడి ఉన్న చోట్లు; అలాంటి నేలలో రాతి పగుళ్ల నిండా వేడి ద్రవాలుంటాయి. వాటి పీడనం ఫాల్ట్‌ను బిగించి పట్టిన బలాన్ని తగ్గిస్తుంది, కాబట్టి చిన్న తోపు కూడా సరిపోతుంది. అలాగని ప్రతిదానికీ ద్రవాలే కారణమని రాసేయకు. అగ్నిపర్వతాలు లేని మామూలు నేలలోనూ ఇలాంటివి జరిగాయి. ద్రవాలున్నాయనడానికి వేరే ఆధారం చూపించగలిగితేనే ఆ మాట రాయి.

ఏ చోటైనా సరే, ముందు ఒక చిన్న లెక్క కాగితం మీద వేసుకో. భూకంపాలను నమోదు చేసే స్టేషన్ దగ్గర నేల కదిలిన గరిష్ఠ వేగాన్ని తరంగ వేగంతో భాగించి, రాతి దృఢత్వంతో గుణించు. నేల సెకనుకు ఒక సెంటీమీటరు కదిలితే, తరంగ వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు, దృఢత్వం 30 గిగాపాస్కల్స్ అనుకుంటే స్ట్రెస్ (తరంగం రాతి మీద పెట్టే ఒత్తిడి) సుమారు 86 కిలోపాస్కల్స్ వస్తుంది. ఒక మిల్లీమీటరైతే ఎనిమిదిన్నర. చంద్రుడు, సూర్యుడి ఆకర్షణ వల్ల భూమి మీద రోజూ పడే టైడల్ స్ట్రెస్ కూడా కొన్ని కిలోపాస్కల్స్ ఉంటుంది కాబట్టి, నీ సంఖ్య దానికంటే ఎంత పెద్దదో చూసుకో. ఇక్కడ ఒక జాగ్రత్త. స్టేషన్ మెత్తటి మట్టి మీద ఉంటే అక్కడ ఊపు పెరిగి కనిపిస్తుంది. దాన్ని పది కిలోమీటర్ల లోతులో గట్టి రాతిలో ఉన్న ఫాల్ట్‌కు అలాగే అంటగట్టకూడదు.

ఆ తర్వాత సీస్మోగ్రామ్ (నేల కదలికను గీసిన రికార్డు) దగ్గర కూర్చో. పెద్ద భూకంపం ఉపరితల తరంగాలు మెల్లగా, పెద్దగా ఊగుతూ ఉంటాయి. 5 హెర్ట్జ్ (సెకనుకు ఐదు ఊపులు) కంటే తక్కువ ఉన్నదంతా ఫిల్టర్ చేసి తీసేయ్. దూరం నుంచి వచ్చిన తరంగంలో ఆ పైన దాదాపు ఏమీ మిగలదు. అప్పుడు ఆ ఊపు మధ్యలో సన్నటి గీతలు బయటపడితే అవి దగ్గర్లో పుట్టినవే. ముందు చేరే పి తరంగం, వెనక వచ్చే ఎస్ తరంగం మధ్య రెండు సెకన్ల తేడా ఉందంటే, సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల లెక్కన అది పదహారు కిలోమీటర్ల దూరంలోదే. పరికరం హద్దు దాటి క్లిప్ అయినా ఇలాంటి గీతలే వస్తాయి, కాబట్టి అసలు రికార్డు పక్కన పెట్టుకునే చూడు. ఒకే స్టేషన్‌ను నమ్మకు.

దగ్గర్లోని ఫాల్ట్‌ల సంగతి వేరు. అక్కడ తరంగాలు వెళ్లిపోయాక కూడా శాశ్వతంగా మిగిలే స్ట్రెస్ మార్పును లెక్కించాలి. సాఫ్ట్‌వేర్ భూమినంతా ఒకే రకం రాయిగా అనుకుని నిమిషాల్లో రంగురంగుల కూలంబ్ మ్యాప్ (ఫాల్ట్ జారడానికి దగ్గరైన చోట ఎరుపు, దూరమైన చోట నీలం చూపేది) ఇచ్చేస్తుంది. మొదటి మెట్టుగా అది మంచిదే. కానీ పైన మెత్తటి పొరలు, కింద గట్టి రాయి, ఇంకా కింద మెల్లగా పాకే వేడి పొర ఉంటే ఆ రంగులు మారతాయి. అసలు ఏ ఫాల్ట్ మీద లెక్కిస్తున్నావన్నదీ ముఖ్యమే. ఈశాన్య జపాన్ ఎక్కువగా నొక్కుడు బలాల కింద ఉండే నేల. 2011 మార్చి 11న 9.0 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చిన నెలకు, ఏప్రిల్ 11న ఇవాకి దగ్గర కదిలినవి సాగదీతతో జారే నార్మల్ ఫాల్ట్‌లు. ప్రాంతం మొత్తానికీ నొక్కుడు ఫాల్ట్‌లే అనుకుని మ్యాప్ వేసి ఉంటే అది దొరికేది కాదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ చిన్న భూకంపం ఎక్కడ పుట్టిందో చెప్పడానికి కూడా నీకు భూపటలం నమూనానే ఆధారం. తరంగ వేగాలు తప్పుగా పెట్టుకుంటే లోతు రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఫాల్ట్ దగ్గర కూలంబ్ మ్యాప్‌లో ఎరుపు నీలంగా మారడానికి అంత దూరం చాలు. అందుకే రెండు మూడు వేగ నమూనాలతో లొకేషన్ మళ్లీ చేయి. చుక్క ఒక రంగులోంచి ఇంకో రంగులోకి దూకుతుంటే, దాని గురించి గట్టిగా ఏమీ అనకు.

వీటన్నిటికంటే ముందు ఆ చోట గత కొన్నేళ్లలో నెలకు సగటున ఎన్ని చిన్న భూకంపాలు వచ్చాయో లెక్క తీసి పెట్టుకో. అది లేకుండా పెరిగిందని చెప్పలేం. ఫిల్టర్ చేసిన మొదటి రికార్డులు, ఈ లెక్క కలిపి నాకు పంపు, తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో