పాత మాండలిన్ అసలుదేనా, కొనవచ్చా?

కావలి, ఒంగోలు వైపు పాత ఇళ్ల అటకల మీద దొరికే మాండలిన్ ఏ రకమో ఎలా తెలుస్తుందని ప్రశ్న.

ముందు వీపు చూడండి. సన్నని చెక్కపట్టీలు అతికించి సొరబుర్రలా గుండ్రంగా ఉంటే ఇటలీలోని నేపుల్స్ పద్ధతి. వీపు కొద్దిగా మాత్రమే ఉబ్బి ఉంటే గిబ్సన్ (అమెరికా వాద్యాల కంపెనీ) తరహా. అసలు పాత గిబ్సన్ అయితే, టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే లేబుల్ మీద సీరియల్ నంబరు, మెడ అతికిన దిమ్మ మీద మరో నంబరు ఉంటాయి. రెండూ ఒకే కాలాన్ని చూపాలి. లేబుల్ ఒక్కటే అయితే ఎవరైనా అంటించవచ్చు. గిబ్సన్‌లో పనిచేసిన వాద్య నిపుణుడు లాయిడ్ లోర్ సంతకం (1922–24) లేబుల్ మీద కనబడగానే డబ్బు తీయకండి, నకళ్లు ఉన్నాయి.

ధరను తేల్చేది మెడ. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి (పైచెక్క మీద తీగలు ఆనే చెక్క) దాదాపు అంతే ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 3 మిల్లీమీటర్లకు మించి లేచి ఉంటే మెడ వంగిందనో, పైచెక్క కుంగిందనో అనుమానించాలి. గుండ్రటి వీపు వాటికి మెడలో సాధారణంగా ఇనుప కడ్డీ ఉండదు. మందపు తీగలు వేస్తే పాడయ్యేది ఇందుకే. సన్నవే, 0.009 అంగుళాల మందంతో మొదలయ్యే తీగల సెట్ వేయండి.

బ్రిడ్జి తీగల ఒత్తిడితోనే నిలవాలి. దాన్ని జిగురుతో అంటించి ఉంటే తెలియనివారు మరమ్మతు చేసినట్టే. మన సముద్రపు తేమకు పాత జంతుజిగురు వదులుతుంది. వేలి కణుపుతో అంచుల వెంట తట్టండి, గలగలమన్నచోట అతుకు ఊడింది. అతికించేటప్పుడు ఫెవిక్విక్ మాత్రం వాడకండి, మళ్లీ విప్పలేరు.