బర్క్‌లీనా, డేవిసా? ముందు ఆర్గానిక్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మేముండేది ఫ్రీమాంట్‌లో. మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లైన బర్క్‌లీ, డేవిస్ రెండింటిలోనూ బయాలజీలో ట్రాన్స్‌ఫర్ సీటు వచ్చింది. డాక్టర్ కావాలని తన కోరిక. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్‌లో బీ మైనస్ రావడంతో డీలా పడిపోయింది. తను డేవిస్ అంటోంది. బర్క్‌లీ వదులుకోవడం మాకు ఇష్టం లేదు. జూన్ 1 లోపు చెప్పాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి మాటే నాకు సబబుగా ఉందమ్మా. బర్క్‌లీ పేరుకు మెడికల్ స్కూళ్ల దగ్గర విలువే లేదని అనను. అయితే అక్కడ సైన్స్ క్లాసుల్లో రెండు సీ గ్రేడ్లు వస్తే ఆ పేరు వాటిని కప్పిపెట్టదు.

గ్రేడ్ల లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. కమ్యూనిటీ కాలేజీ గ్రేడ్లు యూసీ జీపీఏలో కలవవు. దాంతో పాతవన్నీ పోయినట్టే అనుకుంటారు. కానీ ఎండీ కోర్సులకు ఎక్కువ స్కూళ్లు దరఖాస్తులు తీసుకునేది ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సర్వీస్ ద్వారా. అది అమెరికాలో ఎక్కడ చదివిన కాలేజీ గ్రేడ్‌నైనా లెక్కలోకి తీసుకుంటుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి వేరే జీపీఏ కడుతుంది. ఒకే కోర్సు మళ్లీ చదివితే రెండు గ్రేడ్లూ పడతాయి. కాబట్టి ఆ బీ మైనస్ ఎక్కడికీ పోదు. అదొక్కటే అయితే కొంప మునిగేదీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం బర్క్‌లీ వైపే మొగ్గు. అక్కడ సెమిస్టర్లు, డేవిస్‌లో క్వార్టర్లు. రెండు సెమిస్టర్ల ఆర్గానిక్ డేవిస్‌లో మూడు క్వార్టర్ల సిరీస్. సగం చదివి వెళితే ఒక కోర్సు మధ్యలో దిగినట్టవుతుంది. అందుకే రెండో సగం ఈ వేసవిలోనే, ఇప్పుడు చదివే కాలేజీలోనే పూర్తి చేయించండి. అక్కడ సమ్మర్ క్లాసు లేకపోతే పక్క కాలేజీలో చేరవచ్చు. కానీ రెండు చోట్ల సగం సగం చదివితే ఒప్పుకుంటారా అని డేవిస్ అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

సమ్మర్ ఆర్గానిక్ పరుగులు పెట్టిస్తుంది. దానితో పాటు ఇంకో క్లాసు వద్దు, ఉద్యోగమూ వద్దు. మొదలయ్యేలోపు పాత పరీక్ష పేపర్లు ముందేసుకుని మార్కులు ఎక్కడ పోయాయో చూడమనండి. మెకానిజంలో, అంటే రియాక్షన్ అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో చూపే చోట, బాణాలు గీసే ప్రశ్నల దగ్గరే పోయి ఉంటే, ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో తెలియకుండా, మన రోజుల్లో ఎంసెట్ బిట్లు బట్టీ పట్టినట్టు రియాక్షన్లు బట్టీ పట్టిందన్నమాట. అలాగైతే రోజూ తెల్లకాగితం మీద, పుస్తకం చూడకుండా గీయాలి. వేరే మందు లేదు.

డేవిస్‌లో క్వార్టర్ అంటే పది వారాల పాఠాలు. మూడో నాలుగో వారానికే మొదటి మిడ్‌టర్మ్. సెమిస్టర్లకు అలవాటు పడ్డ పిల్లలు అప్పటికింకా గది సర్దుకుంటూ ఉంటారు. మొదటి క్వార్టర్‌లో ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ, పై స్థాయి బయాలజీ మూడూ కలిపి తీసుకోనివ్వకండి. రెండు చాలు. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి మాత్రం మొదటి వారం నుంచే వెళ్లాలి. సిఫార్సు లేఖలు రాయాల్సింది వాళ్లే, ట్రాన్స్‌ఫర్ పిల్లలకు ఉండే సమయమే రెండేళ్లు.

క్లినిక్ అనుభవానికి డేవిస్‌ మెడికల్ స్కూల్ శాక్రమెంటోలో ఉంది, కారులో అరగంట. అక్కడ విద్యార్థులు నడిపే ఉచిత క్లినిక్‌లలో డిగ్రీ పిల్లలూ వాలంటీర్లుగా చేస్తారు.

చేరిన మరుసటి జూన్‌లోనే మెడిసిన్‌కి అప్లై చేయమని తొందరపెట్టకండి. అప్పటికి చేతిలో ఉండేవి మూడు క్వార్టర్ల గ్రేడ్లే. డిగ్రీ అయ్యే ఏడాది అప్లై చేస్తే రెండేళ్ల గ్రేడ్లు ఉంటాయి, మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కీ ఊపిరాడుతుంది. ఏడాది వేస్ట్ అని బంధువులంటారు, అననివ్వండి.

గ్రీన్ కార్డ్ సంగతి మీరు రాయలేదు. అమ్మాయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉంటే 21 ఏళ్లు నిండేలోపే వీసా మార్చుకోవాలి. పైగా చాలా మెడికల్ స్కూళ్లు పౌరులనూ, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. మీది ఆ పరిస్థితే అయితే బర్క్‌లీ, డేవిస్ చర్చ పక్కన పెట్టి ఈ వారమే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.